చలికి క్లిప్పులు బిగుసుకుంటాయా?

డిసెంబర్ సగం దాటితే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాలు మారిపోతాయి. ఎండాకాలంలో "పళ్ళకి క్లిప్పులు వేయించుకుంటే ఎన్నాళ్ళు పడుతుంది, ఎంతవుతుంది" అని అడిగేవాళ్ళు ఇప్పుడు పెదవి పగిలిందనీ, పళ్ళు లాగుతున్నాయనీ, అరిసెలు తినొచ్చా అనీ రాస్తున్నారు. బెజవాడ చలి కూడా ఒక చలేనా అని ఉత్తరాది వాళ్ళు నవ్వుతారు గానీ, మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊళ్ళో తెల్లవారుజామున 17, 18 అంటే పెట్టెలోంచి స్వెట్టర్ బయటికి రావాల్సిందే. నాదీ వచ్చింది. అందుకని ఈసారి అన్నీ క్లిప్పుల ఉత్తరాలే తీసుకున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దసరా సెలవుల్లో పళ్ళకి క్లిప్పులు వేయించాం. చలి మొదలయ్యాక పొద్దున్నే లేస్తూనే "అమ్మా, బిగుసుకుపోయాయి" అంటోంది. చలికి ఇనుము ముడుచుకుంటుంది కదా, అందుకే అని మా అత్తగారి వాదన. సరే కదా అని వేడివేడి పాలు ఇస్తే రెండు గుటకలు తాగి, ఇంకా లాగుతోందని గ్లాసు పక్కన పెట్టేస్తోంది. ఫ్రిజ్‌లో నీళ్ళు మాత్రం చక్కగా తాగుతోంది! బడి ఎగ్గొట్టడానికి నటిస్తోందంటారా?
— ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: లేదండీ, మీ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు నిజం. కారణం మాత్రం మీ అత్తగారు అనుకున్నది కాదు, దాదాపు దానికి తలకిందులు.

నోరు మూసుకుని ఉంటే బయట ఎంత చలిగా ఉన్నా నోట్లో 35, 36 డిగ్రీల దగ్గరే ఉంటుంది. దుప్పటి నిండా కప్పుకుని పడుకున్న పిల్ల నోట్లోకి ఇనుము ముడుచుకునేంత చలి రాదు, ఒకవేళ ముడుచుకున్నా క్లిప్పుల్ని కలుపుతూ పోయే అంత చిన్న తీగలో ఆ తేడా పంటికి తెలిసేంత ఉండదు. అసలు సంగతి ఆ తీగలోనే ఉంది. మొదటి నెలల్లో మేము వేసే సన్నటి తీగ ఎక్కువగా నికెల్, టైటానియం కలిపిన లోహం. 1960ల మొదట్లో అమెరికా నౌకాదళం ప్రయోగశాల ఒకదానిలో దీని తమాషా గుణం బయటపడింది, పళ్ళ వైద్యంలోకి వచ్చింది 1970లలో. ఆ గుణం ఏంటంటే, చల్లగా ఉన్నప్పుడు మెత్తగా ఎటు వంచితే అటు వంగుతుంది, వెచ్చబడితే తన మొదటి ఆకారం గుర్తొచ్చినట్టు తిరిగి సాగుతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలకి ఇది చూపిస్తుంటాను. ఒక ముక్క తీగని ఐస్ నీళ్ళలో ముంచి, వేలితో మెలికలు తిప్పి, పక్కనున్న వేడినీళ్ళ గిన్నెలో పడేస్తే పాము ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక్కసారిగా విల్లులా అయిపోతుంది. అప్పటిదాకా కుర్చీలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పిల్లలు "ఇంకోసారి చేయండి" అంటారు.

ఇప్పుడు మీ ఇంట్లో జరిగేది అర్థమైపోయుంటుంది. పొగలు కక్కే పాలు తగలగానే తీగ కాసేపు గట్టిగా లాగుతుంది, చల్లటి నీళ్ళు తగిలితే కాసేపు సడలుతుంది. అన్ని తీగలూ ఇంతలా మారవు. వేడికి పనిచేసేలా ప్రత్యేకంగా తయారుచేసిన రకంలో ఇది బాగా తెలుస్తుంది, తర్వాతి నెలల్లో వేసే స్టీల్ తీగకి ఈ గుణమే లేదు. కాబట్టి పాలు గోరువెచ్చగా ఇవ్వండి. గ్లాసు చేత్తో హాయిగా పట్టుకోగలిగితే సరిపోతుంది. మరీ లాగుతుంటే కుండలో నీళ్ళు రెండు గుక్కలు నోట్లో పట్టి ఉంచమనండి, జనవరిలో కుండ నీళ్ళే చాలినంత చల్లగా ఉంటాయి, ఫ్రిజ్ దాకా పోనక్కర్లేదు. ఐస్ ముక్కలు కొరకడం మాత్రం వద్దు, పంటికి అంటించిన బ్రాకెట్ అనే చిన్న బిళ్ళ ఊడి చేతికొస్తుంది.

మరి పొద్దున్నే బిగుసుకున్నట్టు ఎందుకుంటుంది? చలికాలంలో చాలామంది పిల్లలకి ముక్కు మూసుకుపోయి, రాత్రంతా నోటితో గాలి పీలుస్తారు. నోరు ఎండిపోయి, పెదవి లోపలి చర్మం బ్రాకెట్లకి అతుక్కుంటుంది. దానికి తోడు నిద్రలో పళ్ళు గట్టిగా కరుచుకునే అలవాటు కొందరికి ఉంటుంది, అప్పటికే కదులుతున్న పళ్ళు కాబట్టి లేచేసరికి మొద్దుబారినట్టు, పులిసినట్టు ఉంటాయి. లేవగానే మాట్లాడకముందే రెండు గుక్కల నీళ్ళు పుక్కిలించమనండి, పెదవి దానంతటదే ఊడుతుంది. చేత్తో లాగితే లోపల చర్మం లేస్తుంది. ముక్కుదిబ్బడ వారాల తరబడి ఉంటే ఆ సంగతి పిల్లల డాక్టరుకి చూపించండి, నోటితో గాలి పీల్చే పిల్లలకి చిగుళ్ళు కూడా ఎర్రగా వాస్తుంటాయి.

అత్తగారికి చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పండి. లోహం వేడికీ చలికీ మారుతుందని ఆవిడ పట్టుకున్నారు కదా, అందులో తప్పు లేదు.

ప్రశ్న: నేను తాడేపల్లి నుంచి రోజూ పొద్దున ఏడింటికి బండి మీద వారధి దాటి విజయవాడ కాలేజీకి వస్తాను. కృష్ణ మీద గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కాలేజీ చేరేసరికి పళ్ళు జివ్వుమంటాయి, పెదవులు ఎండి పగిలి రక్తం వస్తోంది, లోపల పుండ్లు కూడా పడ్డాయి. బ్రాకెట్లు గుచ్చుకోకుండా వ్యాక్స్ (మైనం) పెడితే పది నిమిషాల్లో ఊడిపోతోంది. ఏం చేయాలి సర్?
— బీటెక్ విద్యార్థి, తాడేపల్లి

జవాబు: బాబూ, వారధి మీద గాలిని నేనూ తిన్నవాణ్ణే. ముందు హెల్మెట్ సంగతి చెప్పు. నిండుగా ముఖం మూసేదేనా, లేక పోలీసుల కోసం నెత్తిన పెట్టుకునే టోపీ రకమా? రెండోదైతే ముందు అది మార్చు, పళ్ళ కోసమే కాదు. అద్దం కిందికి దించుకుని, లోపల ఒక పల్చటి కర్చీఫు ముక్కు మీదుగా కట్టుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. క్లిప్పులు ఉన్నవాళ్ళకి పెదవులు పూర్తిగా మూతపడక, తెలియకుండానే నోరు కొంచెం తెరిచి ఉంటుంది. ఆ సందులోంచి చల్లగాలి నేరుగా లోహానికి కొడుతుంది, లోహం చల్లదనాన్ని ఇట్టే పంటికి చేరవేస్తుంది. నీ పళ్ళు జివ్వుమనేది అందుకే.

వ్యాక్స్ ఊడిపోవడానికి కారణం నేను ఊహించగలను. పెదవి పగిలిందని ముందు వాజలైన్ రాసుకుని, అదే జిడ్డు వేళ్ళతో వ్యాక్స్ పెడుతున్నావు, అవునా? జిడ్డు మీదా తడి మీదా వ్యాక్స్ నిలవదు. వరస ఇలా మార్చు. పళ్ళు తోముకుని, చేతులు కడిగి తుడుచుకో. బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద ముక్క తీసి, రెండు వేళ్ళ మధ్య అరనిమిషం బాగా నలుపు, చలికి వ్యాక్స్ గట్టిపడి ఉంటుంది కాబట్టి ఈ నలపడం ఎగ్గొట్టకు. పెదవి వేలితో ఎత్తిపట్టి, గుచ్చుకుంటున్న బ్రాకెట్‌ని టిష్యూతోనో శుభ్రమైన దూదితోనో పొడిగా తుడిచి, మెత్తబడ్డ ముక్కని దాని మీద అదిమి, అంచులు బ్రాకెట్ చుట్టూ సర్దు. అప్పుడు చివర్న పెదవికి వాజలైన్. ఇంట్లో కొబ్బరినూనె ఉంటే అదీ పనిచేస్తుంది, వెన్న రాసుకోమని మీ అమ్మమ్మ అంటే అదీ మంచిదే. బొడ్డుకి నూనె రాస్తే పెదవులు పగలవని కూడా అంటారు, దాని వల్ల నష్టమైతే లేదు గానీ దాన్ని నమ్ముకుని పెదవులకి రాయడం మానకు. తినేముందు వ్యాక్స్ తీసెయ్, పొరపాటున మింగినా కంగారు పడకు, దానంతటదే బయటికి పోతుంది.

పెదవి నాలుకతో తడుపుకునే అలవాటు ఉంటే మాత్రం ఈ రాసినవన్నీ వృథా. ఉమ్మి ఆరిపోతూ ఉన్న కాస్త తేమనీ పట్టుకుపోతుంది. చలికాలంలో దాహం వేయదు, నీళ్ళు తాగడం మర్చిపోతాం, బ్యాగులో సీసా పెట్టుకో.

పుండ్లకి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు వేసి రోజుకి మూడు నాలుగుసార్లు పుక్కిలించు. లవంగం నూనె నేరుగా పుండు మీద పెట్టే పని చేయకు, కాలుతుంది. మామూలుగా వారం పది రోజుల్లో మానతాయి, రెండు వారాలు దాటినా అలాగే ఉంటే మీ డాక్టరుకి చూపించాల్సిందే.

ప్రశ్న: గుంటూరులో హాస్టల్‌లో ఉంటూ ఇంటర్ చదువుతున్నాను. సంక్రాంతికి ఊరెళ్ళేముందు క్లిప్పులు టైట్ చేయించుకుని వెళ్దామనుకుంటున్నాను, కానీ పోయినసారి టైట్ చేశాక నాలుగు రోజులు అన్నం నమలలేకపోయా. పండక్కి అమ్మమ్మ అరిసెలు చేస్తుంది. అవి తినకుండా చూస్తూ కూర్చోవాలంటే ఏడుపొస్తోంది.
— ఇంటర్ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఏడవకు తల్లీ, తేదీ మార్చుకుంటే చాలు. టైట్ చేశాక నొప్పి కొన్ని గంటలకి మొదలై, మర్నాటికి బాగా ఎక్కువై, తర్వాత తగ్గుతూ మూడు నుంచి ఏడు రోజుల్లో పోతుంది. భోగి జనవరి 13నో 14నో వస్తుంది. నువ్వు 11న టైట్ చేయించుకుని బస్సెక్కితే సరిగ్గా పండగ మూడు రోజులూ నొప్పిలో గడుస్తాయి. జనవరి మొదటి వారంలోపే వెళ్ళు, లేదంటే పండగ నుంచి వచ్చాక చేయించుకుంటానని డాక్టరుకి ముందే ఫోన్ చేసి చెప్పు. ఒక వారం అటూ ఇటూ అయితే ఏం కాదు, కానీ చెప్పకుండా మానేసి మార్చిలో పరీక్షలయ్యాక కనబడితే మాత్రం తిట్లు తప్పవు. నేనైతే తిడతాను.

నొప్పి ఉన్న రెండు మూడు రోజులూ ఏం తినాలో హాస్టల్ వాళ్ళని అడగడం కష్టమే. ఇడ్లీని సాంబార్లో నానబెట్టి, మెత్తగా కలిపిన పప్పన్నంలో నెయ్యి వేసుకుని, రాత్రి పెరుగన్నం, మధ్యలో అరటిపండు. గుంటూరులో ఉండి కారం మానమంటే నన్ను ఊళ్ళోకి రానివ్వరు గానీ, నోట్లో పుండు ఉన్న నాలుగు రోజులూ గోంగూర పచ్చడి, అల్లం చట్నీ పక్కన పెట్టు. పుండు మీద పులుపూ కారమూ కలిసి పడితే ఎలా ఉంటుందో నీకే తెలుసు. నొప్పి మరీ ఎక్కువైతే పారాసిటమాల్ చాలు, ఎంత మోతాదో మీ డాక్టరునే అడుగు. ఇంట్లో ఉన్న ఏదో ఒక నొప్పి బిళ్ళ వేసుకోవద్దు, ముఖ్యంగా పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. కొందరు బిళ్ళని చిగురు మీద పెట్టుకుని పడుకుంటారు, అది చిగురుని కాల్చేస్తుంది.

ఇక అరిసెలు. వేయించిన రోజు మెత్తగా ఉన్న అరిసెని చేత్తో చిన్న చిన్న ముక్కలు తుంచి, వెనక పళ్ళతో మెల్లగా నమిలితే తినొచ్చు. ముందు పళ్ళతో కొరికి లాగడం వద్దు, బెల్లప్పాకం పట్టు నీకు తెలియంది కాదు. నాలుగో రోజుకి గట్టిపడ్డ అరిసెని మాత్రం తమ్ముడికి ఇచ్చెయ్. సున్నుండలు నిశ్చింతగా తిను, నోట్లో వేస్తే కరిగిపోతాయి. జంతికలు కొరక్కూడదు, పొడి చేసి పెరుగన్నంలో కలుపుకుంటే అంత రుచి ఇంకోటి లేదు. జామకాయ సన్నగా కోసుకుని తిను. చెరకు గడ పట్టుకుని చీల్చడం, రేగిపళ్ళు గింజతో సహా కొరకడం, తేగలు నమలడం ఈ ఏడాదికి లేవు. తేగ పీచు బ్రాకెట్ చుట్టూ దారంలా చుట్టుకుంటే నీ బ్రష్‌తో రాదు, నేను పట్టకారుతో తీసిన సందర్భాలున్నాయి.

తిన్నాక తోముకోవడం మాత్రం తప్పదు. బెల్లం బ్రాకెట్ అంచున చేరి ఉండిపోతే, క్లిప్పులు తీశాక పంటి మీద సున్నం చుక్కల్లా తెల్లమచ్చలు మిగులుతాయి, అవి పోవడం కష్టం. పొద్దున్నే కొళాయి నీళ్ళు చల్లగా ఉన్నాయని అందరూ రెండు నిమిషాల పని అరనిమిషంలో కానిచ్చేస్తారు, బక్కెట్లో కాసిన్ని వేడినీళ్ళు కలుపుకుని తోముకో. ఊళ్ళో తాతయ్య వేపపుల్ల ఇస్తే దండం పెట్టి వద్దను, ఆ పుల్లతో తీగ కింద శుభ్రం కాదు.

ప్రశ్న: పెళ్ళి మాఘమాసంలో. కనిపించకుండా ఉండాలని తెల్ల క్లిప్పులు వేయించుకున్నాను, ఇప్పుడవి పచ్చగా అయిపోయాయి. నాసిరకం వేశారా? ఇంకొకటి, ఇప్పుడు ధనుర్మాసం కదా, తీయించుకోవడానికి ఇప్పుడు వెళ్ళొచ్చా, మంచిరోజులు వచ్చేదాకా ఆగాలా?
— ప్రైవేటు ఉద్యోగిని, పటమట, విజయవాడ

జవాబు: రాత్రి పడుకునేముందు పసుపు పాలు తాగుతున్నారా? జలుబు చేసిన ఇంట్లో అందరూ తాగుతారు. పచ్చబడింది క్లిప్పులు కాదమ్మా, వాటికి తీగని కట్టి ఉంచే సన్నటి రబ్బరు రింగులు. పసుపు వాటిని ఒక్క రాత్రిలో పట్టేస్తుంది, కూరలో పసుపూ అంతే, టీ కాస్త నెమ్మదిగా. పింగాణీ బ్రాకెట్ అంత తొందరగా రంగు మారదు. వచ్చే అపాయింట్‌మెంట్‌లో రింగులు మార్చేస్తారు, అయిదు నిమిషాల పని. అప్పటిదాకా పసుపు బదులు మిరియాల పాలు తాగండి. దగ్గు బిళ్ళలు చప్పరించినా కొరక్కండి, చప్పరించాక నోరు కడుక్కోండి, అదంతా చక్కెరే.

క్లిప్పులు తీయడానికి ధనుర్మాసం అడ్డు కాదు, పళ్ళు కుదురుకున్నాయా లేదా అన్నదే ముహూర్తం. పెళ్ళి తేదీ మీ డాక్టరుకి ఇవాళే చెప్పండి. ఫోటోల కోసం తొందరపడి సగంలో తీయించుకుంటే మళ్ళీ పక్కకి జరుగుతాయి. పెళ్ళి పనుల హడావిడిలో క్లిప్పులు తీశాక పళ్ళు జరగకుండా ఉంచే రిటైనర్ పెట్టుకోవడం మానేసిన అమ్మాయిలు ఏడాది తిరక్కుండా మళ్ళీ నా దగ్గరికి వచ్చారు.

ప్రశ్న: మా అబ్బాయి ఢిల్లీలో ఉద్యోగం. క్లిప్పుల బదులు, తీసి పెట్టుకునే ప్లాస్టిక్ అలైనర్లు వాడుతున్నాడు. అక్కడ పొద్దున 5 డిగ్రీలట. చలికి దవడలు వణికి పళ్ళు కటకటలాడి నొప్పి పుడుతున్నాయట. నోట్లో ఉంచుకునే వేడి టీ తాగుతున్నాడు. మొన్న వేడినీళ్ళలో వేసి కడిగాడట, అప్పటి నుంచి ఒక పక్క సరిగ్గా పట్టడం లేదంటున్నాడు.
— ఒక తండ్రి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: వేడినీళ్ళలో వేశాడా, అయితే అది వంకరపోయిందండీ. అలైనర్ ప్లాస్టిక్, వేడికి మెత్తబడి ఆకారం తప్పుతుంది, తర్వాత చల్లారినా ఆ వంకర అలాగే ఉండిపోతుంది. బలవంతంగా నొక్కి పెట్టుకోవద్దని ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి, పళ్ళు తప్పు దారిలో జరుగుతాయి. దీనికి ముందు వాడిన జత దాచుకుని ఉంటే అది పెట్టుకుని, తన డాక్టరుకి ఫోన్ చేయాలి. వాళ్ళు కొత్తది చేయిస్తారో, తర్వాతి జతకి వెళ్ళమంటారో వాళ్ళే చెప్తారు.

టీ సంగతి కూడా ఇంతే. వేడి టీ అలైనర్ లోపల చేరి నిలిచిపోతుంది, ప్లాస్టిక్ వంగుతుంది, రంగు పడుతుంది, చక్కెర పంటికి అంటుకుని ఉంటుంది. తీసి, డబ్బాలో పెట్టి, టీ తాగి, నోరు కడుక్కుని మళ్ళీ పెట్టుకోవాలి. రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాల్సిన వస్తువు కాబట్టి ఢిల్లీ చలికి గంటకో టీ తాగే అలవాటు పడితే లెక్క తప్పుతుంది. రెండు మూడు టీలకి పరిమితం చేసుకుని, మిగతా వేళల్లో గోరువెచ్చని నీళ్ళు తాగమనండి. డబ్బా అని ఎందుకు అంటున్నానంటే, టిష్యూలో చుట్టి హోటల్ ప్లేటు పక్కన పెట్టి పారేసుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది. గది హీటర్ పక్కన కూడా పెట్టకూడదు. కడగడానికి మామూలు నీళ్ళూ మెత్తటి బ్రష్షూ చాలు.

దవడ నొప్పికి బయటికి వెళ్ళేటప్పుడు మఫ్లర్ చెవుల నుంచి దవడ కింది దాకా చుట్టుకోవాలి. మంకీ క్యాప్ అయితే ఇంకా మంచిది, కుర్రాడు ఒప్పుకుంటేనే లెండి. వణుకుతో పళ్ళు కరుచుకున్న దవడ కండరాలకి రాత్రి వెచ్చటి గుడ్డతో పది నిమిషాలు పైనుంచి కాపడం పెడితే సడలుతాయి. అలైనర్ మాత్రం కాపడం గిన్నెకి దూరంగా ఉండాలి!

ప్రశ్న: చల్లనీళ్ళు తాగితే కింద వరసలో ఒకే ఒక్క పన్ను బాగా జివ్వుమని, చాలాసేపు అలాగే లాగుతోంది. క్లిప్పుల వల్లేనా?
— గృహిణి, భవానీపురం

జవాబు: అన్ని పళ్ళూ కాస్త కాస్త జివ్వుమని వెంటనే తగ్గితే క్లిప్పులకీ చలికీ మామూలే, సెన్సిటివిటీకి వాడే పేస్టు రాసుకుంటూ ఉంటే తగ్గుతుంది. ఒకే పన్ను, అదీ నీళ్ళు మింగేశాక కూడా లాగుతూ ఉందంటే లోపల పుచ్చు ఉందేమో చూడాలి. పండగ పోనీ అని ఆగకండి, ఈ వారమే వెళ్ళండి.

ప్రశ్న: చివరి పన్ను దగ్గర తీగ చివర బయటికి వచ్చి బుగ్గకి గుచ్చుకుంటోంది. మావారు నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తానంటున్నారు. రాత్రి పదయింది.
— పాతబస్తీ, గుంటూరు

జవాబు: ఈ ఉత్తరం నాకు చేరేసరికి ఆయన కత్తిరించేసి ఉంటారేమో! చేయకపోతే ఆపండి. నెయిల్ కట్టర్ మన నోట్లో వెనక్కి పోదు, పోయినా తీగ తెగకుండా బ్రాకెట్ లేచి వస్తుంది, తెగిన ముక్క గొంతులో పడొచ్చు. దూదితో ఆ చోటు తుడిచి, తీగ కొన మీద శనగగింజంత వ్యాక్స్ పెట్టి అదమండి. వ్యాక్స్ అయిపోతే, పెన్సిల్ వెనకుండే రబ్బరుని బాగా కడిగి తీగ కొనని మెల్లగా లోపలికి వంచి చూడండి, వంగకపోతే వదిలేయండి. ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఆ రెండో బుగ్గ మీదకి తిరిగి పడుకోండి. పొద్దున్నే మీ డాక్టరుకి ఫోన్ చేసి, బయటికొచ్చింది తీగ చివర అని చెప్పండి, అలాంటివాటికి అపాయింట్‌మెంట్ లేకపోయినా మధ్యలో రమ్మంటారు.